ఒక్కటే వేసిన అప్లికేషన్

పోయిన నెలలో పెన్షన్ పని ఒకటి పడి, తిరువళ్ళూరు స్టేషను దారిలో ఉన్న బ్రౌజింగ్ సెంటరుకు వెళ్ళాను. ప్లస్ టూ ఫలితాలు వచ్చిన వారం కావడంతో లోపల కాలు పెట్టే సందు లేదు. నా వంతు వచ్చేదాకా గోడవార స్టూలు మీద కూర్చున్నాను. నాకు ముందు ఒక తల్లీ కూతురూ ఉన్నారు. కూతురు ఒక యూనివర్సిటీ పేరు చెప్పడం, సెంటరతను మీటలు నొక్కడం, తల్లి సెల్‌ఫోన్ చాపి ఫీజు కట్టడం, వెంటనే ఇంకో యూనివర్సిటీ పేరు రావడం, హోటల్లో ఇడ్లీ, వడ, కాఫీ అని వరసగా చెప్పినంత తేలిగ్గా జరిగిపోయింది. వాళ్ళు లేచాక పాండూరు నుంచి వచ్చిన ఒక రైతూ ఆయన కూతురూ కూర్చున్నారు. మన తెలుగువాళ్ళే.

"ఎన్నిటికి ఏయాలమ్మా? ఒక్కోదానికీ ఫీజు వేరే. సీక్రం చెప్పు, సర్వర్ నిలిచిపోతాది," అన్నాడు సెంటరతను.

తండ్రి కూతురి ముఖం చూశాడు. కూతురు తండ్రి చొక్కా జేబు వంక చూసింది.

"ఒగటి చాలన్నా," అంది.

ఏదని అడిగితే మాత్రం తడుముకోలేదు. ఎక్కడో కోయంబత్తూరు దాటి ఉన్న పెద్ద యూనివర్సిటీ పేరు, దాన్లో సీటు దొరకడం గగనమని అందరూ చెప్పుకునే చదువు పేరు, కూరగాయల కొట్లో టమాటా అడిగినట్టు అడిగింది. సెంటరతను కూడా ఒకసారి తలెత్తి చూశాడు.

నాకు అసూయ పుట్టింది. అరవై దాటిన మనిషికి పదిహేడేళ్ళ పిల్ల మీద అసూయ ఏమిటని మీరు నవ్వుకుంటారని తెలుసు. ముందు కూర్చున్న పిల్ల మీద పుట్టిందంటే అర్థముంది, అది నాకు పాత చుట్టం లాంటి అసూయ. కానీ పాండూరు పిల్ల మీద పుట్టిన అసూయ దానికి రెండింతలుంది. ఆ సంగతి చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, పెదనాన్న కూతురు. నాకన్నా కొన్ని నెలలే పెద్ద. తిరుత్తణికి ఆవల మా ఊళ్ళో వీధి వీధంతా మగ్గాలు. మా నాన్న, పెదనాన్న ఇద్దరూ ఒకే ఇంట్లో ఎదురెదురు గుంత మగ్గాల మీద లుంగీలు నేసినవాళ్ళు. మాకు ఊహ తెలియకముందే పెదనాన్న మగ్గం దిగి, మూటలు నెత్తిన పెట్టుకుని సంతల్లో అమ్మి, ఆ తరువాత తిరువళ్ళూరులో బట్టల కొట్టు పెట్టాడు. మా నాన్న మగ్గంలోనే ఉండిపోయి అన్నగారి కొట్టుకు లుంగీలు నేసి ఇచ్చేవాడు. అన్నదమ్ముల మధ్య ఏ పొరపొచ్చాలూ లేవు. పెదనాన్న మా మీద ప్రాణం పెట్టేవాడు. పండగకు నాకూ అక్కకూ ఒకే తానులో గుడ్డ తీసేవాడు, కాకపోతే అక్కకు అది ఆ ఏడాది మూడో జత, నాకు మొదటిదీ చివరిదీ. దానికే నేను లోలోపల కుతకుతలాడేదాన్ని. అసూయకు పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు. అది గంజి తాగి కూడా బలంగా పెరుగుతుంది.

చదువులో మాత్రం నేనే ముందు. తిరుత్తణి సర్కారు బడిలో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు చూసి మా లెక్కల మాస్టారు నన్ను పిలిచి, మద్రాసులో గుడ్డ తయారీకే ఒక ఇంజనీరింగు చదువు ఉందని, నూలు మొదలు రంగుల దాకా అన్నీ నేర్పుతారని, నాలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల వెళ్ళితే బాగుంటుందని చెప్పారు. ఆ మాట విన్న రోజు నేను ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చాను. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్ళకు సంబంధించిన చదువు ఒకటి లోకంలో ఉందనీ, దానికి పెద్ద పెద్ద మేడలు కట్టి ప్రొఫెసర్లను పెట్టారనీ నాకు అంతవరకూ తెలియదు.

అప్పట్లో అప్లికేషన్ వేయడమంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఫారం కొనడానికి బ్యాంకులో డ్రాఫ్టు తీయాలి. జిరాక్సు మాకు అందుబాటులో లేదు గనక మార్కుల పట్టీనీ, కులం సర్టిఫికెట్టునూ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొట్టించాలి. ప్రతి కాపీ మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. ఫోటోలు కావాలి. మద్రాసుకు పోయి రావడానికి రైలు చార్జీలు, ఒకవేళ ఇంటర్వ్యూకు పిలిస్తే మళ్ళీ ఇద్దరికి చార్జీలు, ఆ రోజు నాన్న మగ్గం ఎక్కడు గనక ఆ కూలీ కూడా పోతుంది. ఇదంతా ఒక్కదానికి. రెండోది వేస్తే మళ్ళీ మొదటి నుంచి ఇంకో కట్ట.

నాన్న ఆ రాత్రి భోజనాలయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పాడు.

"ఎన్ని ఏస్తే అన్ని దుడ్లు తల్లీ. నా చేత ఒగటే అవతాది. యాడికి ఏయాలో నువ్వే చెప్పు. నాకేం తెలుసు."

ఆయన అది పూర్తి ప్రేమతోనే అన్నాడు. వద్దని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఎంచుకోమన్నాడు, అదే నాకు ఉరి అయింది. మద్రాసు చదువుకు వేసి రాకపోతే ఆ ఏడాది పోతుంది, ఏడాది పోతే ఇంట్లో రాట్నం ఉంది, మేనమామలు తెచ్చే సంబంధాలున్నాయి. తిరుత్తణి కాలేజీకి వేస్తే ఫారం చవక, నడిచి పోయి ఇచ్చి రావచ్చు, నా మార్కులకు సీటు చేతిలో పెట్టినట్టే. నేను తిరుత్తణి అన్నాను.

"అదేనా నీకు కావల్సింది?" అని నాన్న అడిగాడు.

అవునన్నాను.

సంతకం కోసం మేము పశువుల డాక్టరు ఇంటి ముందు నిలబడ్డాం. మా చుట్టుపక్కల పచ్చ ఇంకుతో సంతకం పెట్టగలిగిన ఆఫీసరు ఆయనొక్కడే. సూది వేయించడానికి వచ్చిన ఎద్దులు, ఈనలేక మూలుగుతున్న ఒక గేదె, వాటి మధ్య మార్కుల పట్టీలు పట్టుకున్న మేము. న్యాయంగా ఆయన గేదెనే ముందు చూశాడు. ఎండ నడినెత్తికి వచ్చాక చేతులు కడుక్కుని వచ్చి, ఇంకా తడి ఆరని వేళ్ళతోనే నా కాపీల మీద సంతకాలు పెట్టి, బాగా చదువుకోమన్నాడు. అదే వారంలో తిరువళ్ళూరులో మా అక్క కాపీల కట్ట మీద, కొట్టుకు చీరలు కొనడానికి వచ్చిన ఒక ఆఫీసరు గారు కూల్‌డ్రింకు తాగుతూ సంతకం చేసి ఇచ్చారట. మెడిసిన్‌కు, ఇంజనీరింగుకు, వ్యవసాయానికి, ఫార్మసీకి, మద్రాసులోని రెండు మూడు ఆడపిల్లల కాలేజీలకు, పేరు తెలిసిన ప్రతిదానికీ అక్క వేసింది. దేనికి వేసిందో తనకే గుర్తులేదని నవ్వుతూ నాతో చెప్పింది. నవ్వినందుకే నాకు ఒళ్ళు మండింది.

అంతకన్నా మండించిన మాట ఇంకోటుంది. నేను ఒక్కటే వేశానని విని పెద్దమ్మ కొట్లో అందరి ముందూ ముక్కున వేలేసుకుంది.

"ఒగటే ఏసిందంట చూడు. ఎంత నమ్మకమో దానికి. మన పిల్లకి ఆ ధైర్యం యాడుండాది."

అప్లికేషన్లు డబ్బుతో ముడిపడిన వ్యవహారమని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. లేమి వాళ్ళ కంటికి ధీమాలాగా కనిపించింది. నేను తల వంచుకుని, మెచ్చుకోలు అందుకున్నదాన్లా నిలబడ్డాను. చెప్పి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నాన్న పక్కనే లుంగీల మూట విప్పుతూ ఉన్నాడు. ఎలా చెప్పను?

తిరుత్తణిలో సీటు వచ్చింది. కాలేజీ తెరిచారు, నేను చేరాను, లెక్కలే తీసుకున్నాను. తమిళుల ఆడి నెలలో, తిరుత్తణి కొండకు కావళ్ళెత్తే కృత్తిక పండగ ముందు రోజు, నాన్నతో కలిసి మూట ఇవ్వడానికి తిరువళ్ళూరు వెళ్ళాను. అక్క గబగబా మేడ మీదికి లాక్కుపోయి ఒక కవరు నా చేతిలో పెట్టింది. అందులో మద్రాసు ఇంజనీరింగు కాలేజీ నుంచి వచ్చిన కార్డు. గుడ్డ తయారీ చదువులో సీటు ఇస్తామని, ఫలానా రోజు వచ్చి చేరమని ఉంది. అక్క మార్కులు నావాటికన్నా చాలా తక్కువ. ఆ మార్కులకే ఆ సీటు వచ్చింది. అంటే నేను వేసి ఉంటే అని లెక్క వేయడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు.

"ఎప్పుడు చేరతావు?" అన్నాను.

"నేనా? చేరితే కదా. మగ్గం గుంతలోంచి మా నాయన ఎట్లో బయటపడినాడు, మళ్ళా నేను పోయి దాంట్లో పడాల్నా?" అని అక్క పకపకా నవ్వింది. తనకు ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషులో సీటు వచ్చింది, హాస్టలు బాగుంటుందట, స్నేహితురాలు కూడా చేరుతోందట.

ఆ కార్డును నేను చాలాసేపు వదలలేదు. వదలమని అక్కా అడగలేదు, తనకు దాని అవసరమే లేదు. నా జీవితంలో నేను డబ్బు చూసి అసూయపడ్డాను, నగలు చూసి పడ్డాను, మంచి భర్తలను చూసి కూడా పడ్డాను. అవేవీ ఆ మధ్యాహ్నపు అసూయ ముందు నిలబడవు. నాకు లేనిది తనకు ఉన్నందుకు కాదు. నాకు ప్రాణమైనది తనకు అక్కర్లేనందుకు.

తిరుగు రైలు నిండా కావళ్ళు. పసుపు బట్టలు, పూలు, విభూతి వాసన, తిరుత్తణి కొండకు పోయే జనం అరోహరా అంటూ తొక్కిసలాట. నాన్నకూ నాకూ తలుపు దగ్గర నిలబడే చోటు దొరికింది. కార్డు సంగతి పెదనాన్న కింద కొట్లో నాన్నకు చెప్పాడని నాకు తెలియదు. నాన్న బయటికి చూస్తూ, నా వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఇంగొకటి ఏసింటే అయిపోయుండునే."

నేను జనం గోలలో వినపడనట్టు కావళ్ళ వైపు తల తిప్పుకున్నాను. ఆయన మళ్ళీ అనలేదు. బతికినంత కాలం ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

లెక్కల డిగ్రీతో తిరువళ్ళూరులోనే సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. కష్టపడలేదు, సుఖపడ్డాను కూడా. తమ్ముళ్ళను చదివించాను, నాన్నను మగ్గం దించాను. అక్క చదువు పూర్తి కాకుండానే పెళ్ళయి అంబత్తూరు వెళ్ళింది, బాగానే ఉంది. మా ఇద్దరికీ ఒకరిని ఒకరు చూడకుండా నెల గడవదు. అయినా ఆ కార్డు సంగతి నలభై ఏళ్ళు నా నాలుక మీదికి రాలేదు.

నిరుడు మా తమ్ముడి కూతురి నిశ్చితార్థంలో అక్క నలుగురిలో కూర్చుని కుర్రపిల్లలకు నా గొప్ప చెబుతోంది, ఒక్క అప్లికేషన్‌తో సీటు కొట్టిన పిల్లనట నేను, తనలాగా ఊరంతా వేయలేదట. ఆ రోజెందుకో నాకు ఓపిక నశించింది. పక్కకు పిలిచి, ఒక్కటే ఎందుకు వేశానో చెప్పాను. అరిచి చెప్పలేదు, నిష్ఠూరంగానూ చెప్పలేదు. అక్క చేతిలోని తాంబూలం కిటికీ గట్టు మీద పెట్టింది.

"మా నాయన్ని అడిగింటే ఇచ్చుండడా?" అంది.

"ఇచ్చేవాడే," అన్నాను.

"నన్ను అడిగింటే?"

"నువ్వూ ఇచ్చేదానివే."

అక్క కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ నన్ను చూసి కుళ్ళుకున్నావా అని అడిగింది. అవునన్నాను. అదేం విచిత్రమో, అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చెప్పేస్తే తీరిపోతుందని అంటారు కదా, నాకు తీరలేదు. ఇంకాస్త నిమ్మళంగా మండుతోంది, అంతే.

ఇప్పుడు మా వీధిలో మగ్గాలు లేవు, పవర్ లూమ్‌ల చప్పుడు కూడా తగ్గింది. పచ్చ ఇంకు కోసం ఎవరూ ఎండలో నిలబడడం లేదు. సర్కారు బడి పిల్లలకు కొన్ని ఫీజులు మాఫీ అంటున్నారు, కొన్నిటికి లేదంటున్నారు. మద్రాసు దాకా పోయే పని లేదు, ఫోనులోనే అన్నీ అయిపోతాయి. ఇన్ని మారాయి కదా, పేదింటి పిల్ల నోట "ఒగటి చాలు" అనే మాట మారలేదే అని ఒక పక్క నొచ్చుకుంటాను. ఇంకో పక్క, మారినదాన్నీ నా కళ్ళతో చూశాను. మా కాలంలో ఒక్కటే అంటే భయపడి దగ్గరున్నదాన్ని అడిగేవాళ్ళం. ఈ కాలం పిల్లలు ఒక్కటే అయినా, కావలసినదాన్నే అడుగుతున్నారు. ఆ పాండూరు పిల్లకు ఆ సీటు రావాలని మనసారా కోరుకుంటాను. వస్తే మాత్రం, ఆ రోజు నాకు నిద్ర పట్టదు.