తిరుత్తణి దారిలో లాక్ పెడల్స్

తిరుత్తణి గుట్టల మట్టిదారిలో మలుపు తిరగ్గానే, మురుగన్ కొండకు కావడులతో నడిచిపోతున్న భక్తులు అడ్డొచ్చారు. బ్రేకు వేశాను. మామూలు ఫ్లాట్ పెడల్స్ వద్దని, బూటుకు బిగుసుకునే పెడల్స్ కొత్తగా పెట్టించుకున్నాను. మడమ తిప్పి విడిపించుకోవడం మరిచి, సైకిలుతో సహా పక్కకు ఒరిగిపోయాను.

పసుపు చీర కట్టుకున్న పెద్దామె వంగి నా కాళ్లు చూసింది. "ఏం మొక్కు నాయనా? కాళ్లు సైకిలుకి కట్టేసుకోని వచ్చినావే."

"మొక్కు కాదమ్మా, ఈ పెడల్సే ఇంత."

"మొక్కు బయటికి చెప్పకూడదులే," అని నా నుదుట విభూతి పూసింది. అందరూ నన్ను సైకిలుతోనే లేపి, "అరోగరా" అని మురుగన్‌కు జేజేలు కొడుతూ ముందుకు తోశారు. నవ్వాపుకోలేక తొక్కాను. కొండ మెట్ల దగ్గర ఆగబోయి మళ్లీ మడమ సంగతి మరిచాను.

ఈసారి అరోగరా అని ముందు నేనే అరిచాను.