మూడో ప్రశ్న దగ్గర

సోమవారం పొద్దున ఫ్యాక్టరీకి వెళ్ళగానే నేను చేసే మొదటి పని, ఒక జపాను మహానుభావుడి మాట టైప్ చేయడం. తెల్ల కార్డు మీద, సరిగ్గా మధ్యలోకి వచ్చేలా, కింద ఆయన పేరు. తర్వాత చెవుల్లో దూది పెట్టుకుని, రేకులు వంచే ప్రెస్సుల మధ్య నడిచి వెళ్ళి, టైమ్‌కార్డులు గుద్దే యంత్రం పక్కనున్న బోర్డుకు దాన్ని నాలుగు పిన్నులతో గుచ్చాలి. పాత కార్డు తీసి చెత్తబుట్టలో వేయాలి. దాదాపు మూడేళ్ళు ఈ పని చేశాను. అంత జ్ఞానం నా చేతుల మీదుగా పోయినా నాకు అంటింది తక్కువే.

ఎనభైల మొదట్లో మాట ఇది. మేం మిషిగన్‌లోని ట్రాయ్ అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను టైపిస్టుగా చేరిన చోటు అక్కడికి అరగంట దూరం. కార్లలో బ్రేకు పెడల్‌ని పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీ. యూనియన్ లేదు. జపాను కార్లు వచ్చి నోటి దగ్గర కూడు లాగేసుకుంటున్నాయని డెట్రాయిట్ చుట్టుపక్కల అందరూ తిట్టుకునే రోజులవి. మా ఫ్యాక్టరీ పార్కింగ్‌లో జపాను కారు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. గోడ మీద మాత్రం జపాను సూక్తి. తిట్టేదీ వాళ్ళనే, గోడకు పెట్టేదీ వాళ్ళ మాటే.

ఇదంతా మా మేనేజర్‌కి పట్టిన పిచ్చి. షికాగోలో ఏదో మీటింగ్‌కి వెళ్ళి, జపాను పెద్దలు చెప్పిన మంచి మాటలంటూ ఒక పుస్తకం తెచ్చుకున్నాడు. అందులోంచి వారానికొకటి ఏరే బాధ్యత నాకు అప్పగించాడు. "నువ్వు ఈస్ట్ నుంచి వచ్చావు కదా, నీకు ఇలాంటివి తెలుస్తాయి" అన్నాడు. గుడివాడకూ జపానుకూ మధ్య ఎంత సముద్రం ఉందో ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఏడుసార్లు పడితే ఎనిమిదోసారి లేవాలి. బండ మీదైనా మూడేళ్ళు కూర్చుంటే అది వేడెక్కుతుంది. కోతి కూడా చెట్టు మీంచి పడుతుంది. బావిలో కప్పకు సముద్రం తెలియదు. ఈ చివరిది టైప్ చేస్తున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన ఇంటి కప్పే జపాను చుట్టి వచ్చి మిషిగన్‌లో తేలింది. ప్రతి మాట కిందా ఆ పుస్తకం ఒక గొప్పవాడి పేరు తగిలించేది, ఒకసారి సన్యాసి, ఒకసారి కత్తి వీరుడు, ఒకసారి కార్ల ఫ్యాక్టరీ పెట్టినాయన. నేనూ అలాగే తగిలించేదాన్ని.

గోడ మీద మాటలు నాకు కొత్త కాదు. మాది క్రైస్తవ కుటుంబం. మా అమ్మ రోజూ పొద్దున్నే వాక్యం క్యాలెండర్‌లో ఒక కాగితం చింపి, కాఫీ తాగకముందే పైకి చదివేది. ఎప్పుడైనా అది గుచ్చుకుంటే, "ఇవాళ్టిది నాకే రాసి పెట్టారే" అని నవ్వి ఆ రోజంతా కాస్త మెత్తగా ఉండేది. మా మేనేజర్ ఏ ఒక్క కార్డూ తనకోసం రాసిందని ఎన్నడూ అనుకోలేదు. అవన్నీ కిందివాళ్ళకే. నెలకు ఇద్దరు ముగ్గుర్ని ఇంటికి పంపిస్తూ, మిగిలినవాళ్ళకు ఎనిమిదోసారి లేవమని చెప్పేవాడు.

ఆ పుస్తకంతో పాటు ఇంకో రెండు వచ్చాయి. ఒకటి తాడు. లైను పొడుగునా తలల పైన ఎర్ర తాడు కట్టించాడు. ఎవరికి ఏ లోపం కనిపించినా దాన్ని లాగితే లైను మొత్తం ఆగిపోతుంది. జపానులో అలాగే చేస్తారట. రెండోది ఒక ఫారం. లైను ఆగినప్పుడు "ఎందుకు?" అని ఐదుసార్లు అడిగి, ఐదు జవాబులూ రాయాలి. మొదటి జవాబు ఎప్పుడూ పైపైనే ఉంటుంది, ఐదోదానికి గాని అసలు వేరు దొరకదని వాళ్ళ పెద్దాయన ఎవరో చెప్పాడట. ఫారం నేనే టైప్ చేసి, నకళ్ళు తీసి, కట్ట కట్టి పెట్టాను.

తాడు ఏడాది పాటు ఎవరూ ముట్టుకోలేదు. క్రిస్మస్‌కి దానికి రంగు కాగితాలు వేలాడదీశారు.

దాన్ని లాగింది గేజ్ దగ్గర కూర్చునే ఆవిడ. యాభై దాటిన మనిషి, చిన్నప్పుడు కెంటకీ నుంచి వాళ్ళ నాన్నతో వచ్చిందట. తయారైన ప్రతి బ్రాకెట్‌నీ కొలిచి చూసి పెట్టెలో వేయడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా అదే స్టూలు. నేను కార్డు గుచ్చడానికి వెళ్ళినప్పుడల్లా కళ్ళజోడు పైకెత్తి చదివి, "ఈ వారం కోతా?" అనేది. ఆ ఫ్యాక్టరీలో నా కార్డులు చదివే మనిషి ఆవిడ ఒక్కతే. నేను చేరిన కొత్తలో మంచులో కారు కూరుకుపోతే, తన కారు డిక్కీలోంచి ఇసుక బస్తా తీసి టైర్ల కింద పోసింది. అప్పటినుంచీ మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. నా పులిహోర తిని "ఇది రేపు కూడా తెస్తావా?" అని అడిగేది.

ఆ రోజు బ్రాకెట్ వంపు దగ్గర వెంట్రుకంత పగులు చూసింది. తర్వాతదానిలోనూ చూసింది. లేచి తాడు లాగింది.

నేను ఆఫీసులో ఉన్నాను. ప్రెస్సుల చప్పుడు ఆగిపోవడం నేను వినడం అదే మొదటిసారి. మా మేనేజర్ గదిలోంచి పరుగెత్తుకుని వెళ్ళాడు. ఇరవై నిమిషాల తర్వాత ముఖం ఎర్రగా చేసుకుని వచ్చి, "వెళ్ళి ఆ ఫారం నింపించుకుని రా" అన్నాడు.

నేను ప్యాడ్ పట్టుకుని ఆవిడ పక్కన నిలబడి ఒక్కొక్కటీ అడిగాను. లైను ఎందుకు ఆగింది? బ్రాకెట్‌లో పగులు వచ్చింది. ఎందుకు వచ్చింది? రేకును వంచే అచ్చు అంచు అరిగిపోయింది. ఎందుకు అరిగింది? మార్చాల్సిన టైముకి మార్చలేదు. ఎందుకు మార్చలేదు? మార్చమని రిపేరు వాళ్ళు రాసిన కాగితం తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చింది? నెల టార్గెట్ పూర్తయ్యేదాకా ఏ అచ్చూ దింపొద్దని మేనేజర్ ఆర్డర్.

"అంతేనా?" అన్నాను.

"అంతే. ఐదయ్యాయి కదా" అంది. ఆ ముఖంలో భయం లేదు. ఫారంలో ఖాళీలున్నాయి, నింపింది, అంతే. ఆ ఫారాన్ని అంత నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

టైప్ చేసి తీసుకెళ్ళాను. మేనేజర్ చదివి, కాగితాన్ని బల్ల మీద పెట్టి, వేలితో నిమిరాడు.

"మరీ పొడుగైంది. జపాన్ నుంచి అడ్వైజర్ వస్తున్నాడు, క్లియర్‌గా ఉండాలి. మూడు చాలు" అన్నాడు.

ఆ మూడూ తనే చెప్పాడు. లైను ఎందుకు ఆగింది? గేజ్ దగ్గరి ఇన్‌స్పెక్టర్ తాడు లాగింది. ఎందుకు లాగింది? పగులు చూసింది. ముందే ఎందుకు చూడలేదు? షిఫ్ట్ మొదట్లో చూడాల్సిన పీసులు సరిగ్గా చూడలేదు.

నేను నోట్ చేసుకున్నాను. మిషన్ ముందు కూర్చుని టైప్ చేశాను. వేళ్ళు వణికాయని రాస్తే బాగుంటుంది గాని, వణకలేదు. ఒక్క తప్పు కూడా పడలేదు. చేసిందల్లా ఒకటే, మొదటి ఫారం కార్బన్ కాపీని చించకుండా నా సొరుగులో అడుగున పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకే తెలియదు. ఏదో దాచాను కాబట్టి పూర్తిగా చెడ్డదాన్ని కానని అనిపించిందేమో.

శుక్రవారం ఆవిడని తీసేశారు. స్టూలు మీద వేసుకునే దిండు చంకలో పెట్టుకుని, నా కిటికీ ముందునుంచే వెళ్ళింది. నావైపు చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

ఇంటికొచ్చి మావారితో చెప్పాను. ఆయన కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసే ఇంజినీరు. ఉద్యోగం పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అంట్లు తోముతూ విన్నారు. పగలంతా ఇంట్లో ఉంటున్నందుకు ఆ పని ఆయనే తీసుకున్నారు.

"మన హెల్త్ ఇన్సూరెన్స్ నీ జాబ్ మీదే ఉంది. చిన్నదానికి మొన్నే మళ్ళీ ఆయాసం వచ్చింది. నేనేం చెప్పను?" అన్నారు.

"చెప్పమని అడగలేదులెండి" అన్నాను. నిజానికి ఆయనతో చెప్పింది అందుకే. ఎవరో ఒకరు చెబితే ఆ నేరం సగం వాళ్ళ మీద పడుతుందని నా ఆశ.

తర్వాతి బుధవారం జపాను పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. సన్నగా, మోచేతుల దగ్గర మెరుపెక్కిన పాత కోటుతో, బడి మాస్టారిలా ఉన్నాడు. వెంట ఒక దుభాషి. మేనేజర్ ముందుగా నా బోర్డు చూపించాడు. ఆ వారం కార్డు, బండ మీద మూడేళ్ళు. కింద ఒక సేనాపతి పేరు. దుభాషి చదివి వినిపించగానే ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"ఆ సేనాపతి సంగతి ఆయనకు తెలియదట. వాళ్ళ అమ్మమ్మ ఊరగాయ పెట్టేటప్పుడు ఈ మాట అనేదట" అన్నాడు దుభాషి.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ముసలాయన మీద నాకు అప్పుడే ఇష్టం కలిగింది.

తర్వాత ఫారం అడిగాడు. నేనే తెచ్చి ఇచ్చాను. చదివి, తిప్పి వెనక చూశాడు. అక్కడేమీ లేదు. మళ్ళీ ముందుకు తిప్పి, వేలితో నాలుగో గడినీ ఐదో గడినీ మెల్లగా తట్టాడు. కాగితం మడిచి మేనేజర్‌కి ఇచ్చి, లైనువైపు చూస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు.

"తాడు లాగినవాళ్ళు ఎవరో వారిని ఒకసారి కలవాలంటున్నారు. వాళ్ళ దగ్గర లైను ఆగితే, ముందు పెద్దవాళ్ళు వచ్చి ఆపినవాళ్ళకు థాంక్స్ చెబుతారట. ప్రశ్నలన్నీ ఆ తర్వాతేనట. ఇవాళ ఈయన లైను దగ్గరికి వచ్చింది ముఖ్యంగా అందుకేనట" అన్నాడు దుభాషి.

పుస్తకంలో ఈ మాట లేదు. ఉన్నా మేం టైప్ చేసేవాళ్ళం కాదేమో.

"ఆవిడ ఇవాళ రాలేదు" అన్నాడు మేనేజర్.

దుభాషి చెప్పాడు. ముసలాయన ఖాళీ స్టూలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ తర్వాత తల తిప్పి, ఎందుకో నన్నే చూశాడు. ఆఫీసు మనుషుల్లో ఆయనలాగా దూరం నుంచి వచ్చినట్టు కనిపించేది నేనొక్కదాన్నే కాబట్టి కావచ్చు. ఫారం కింద టైప్ చేసినవాళ్ళ పొడి అక్షరాలు నావి కాబట్టి కావచ్చు. నా సొరుగు అక్కడికి యాభై అడుగుల దూరం. వెళ్ళి తెస్తే ఒక నిమిషం. నోరు తెరిస్తే అది కూడా అక్కర్లేదు. చిన్నదాని ఆయాసం మందు అయిపోవచ్చిందన్న సంగతి తప్ప నా తలలో ఇంకేమీ లేదు. నేను నేలవైపు చూశాను.

ముసలాయన స్టూలుకు తల వంచి నమస్కరించాడు. ఖాళీ స్టూలుకి. కుర్రవాళ్ళెవరో వెనక కిసుక్కుమన్నారు.

శనివారం పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని ఆవిడ ఇంటికి డ్రైవ్ చేశాను. హ్యాండ్‌బ్యాగ్‌లో కార్బన్ కాపీ ఉంది. ఇవ్వాలనే తీసుకెళ్ళాను. ఆవిడ వాకిట్లో మంచు ఎత్తిపోస్తోంది. పార ఆపి, చేతి తొడుగు తీసి డబ్బా అందుకుంది. నేను గుక్క తిప్పుకోకుండా ముసలాయన సంగతి చెప్పాను. నీకు థాంక్స్ చెప్పడానికే వచ్చాడని, నీ స్టూలుకి నమస్కారం పెట్టాడని. ఏదో మంచి పని చేస్తున్నట్టే చెప్పాను.

ఆవిడ అంతా విని, "నేను రాలేదన్నాడా?" అంది.

"అన్నాడు."

"అప్పుడు నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఏమన్నావు?"

"ఏమీ అనలేదు."

"ఎందుకు?" అని అడిగింది. కోపంగా కాదు. ఫారంలో గడి నింపడానికి నేను అడిగినట్టే అడిగింది.

నేను బ్యాగ్ పట్టీ భుజం మీదికి లాక్కున్నాను. ఇంకోసారి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. "రోడ్డు జారుతోంది, మెల్లగా వెళ్ళు" అని పార అందుకుంది. కాగితం బ్యాగ్‌లోనే ఉండిపోయింది. అది తీస్తే, ముసలాయన వచ్చినప్పుడూ అది నా దగ్గరే ఉందని తెలిసిపోతుంది.

సోమవారం మళ్ళీ కార్డు టైప్ చేశాను. ఆ తర్వాత రెండేళ్ళు చేశాను. మావారికి ఉద్యోగం వచ్చింది, చిన్నదాని ఆయాసం తగ్గింది. నేను మానేసేనాటికి ఆ తాడుని మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

ఆవిడ అడిగిన ఆ ఒక్కటీ, అడగకుండా వదిలేసిన నాలుగూ నన్ను నేనే అడుగుతూ ఉంటాను, ఇన్నేళ్ళుగా. ఎందుకు మాట్లాడలేదు? ఉద్యోగం పోతుందని. పోతే ఎందుకు భయం? ఆయన ఇంట్లో ఉన్నారు, పిల్లకు మందు కావాలి. మరి ఆయనకు ఉద్యోగం వచ్చాక కూడా ఎందుకు మాట్లాడలేదు? అప్పటికి ఆలస్యమైపోయిందని. అక్కడికి వచ్చేసరికి నాకు అలసట వస్తుంది. కాగితాన్ని మళ్ళీ మడిచి, ఇంకా రెండు గడులు ఖాళీగా ఉన్నాయని తెలిసే, సొరుగులో పెట్టేస్తాను. మూడు చాలు అంటాను.