మూడూళ్ల సర్వర్లను చూసుకున్న అక్క

అక్క పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను జనగామలో, మా ఆసుపత్రి సర్వర్ గదిలోనే ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. "అక్క ఇగ లేదన్నా" అన్నాడు. ఆపై ఫోన్ పెట్టేశాడు. ఆమె కూర్చునే కుర్చీ నా పక్కనే ఖాళీగా ఉంది.

ఆమె నాకు తోబుట్టువు కాదు, పై అధికారి. ఉద్యోగంలో చేరిన రోజు "మేడం" అని పిలిచాను. "మేడం ఏంది? నేను కొడకండ్ల దిక్కు తండాదాన్ని, నువ్వు తరిగొప్పుల పిల్లగానివి. అక్కా అను" అంది. అప్పటి నుంచి అక్కే.

మా ఆసుపత్రికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో శాఖలున్నాయి. ఏ రక్తం ఎక్కడుంది, ఎవరికి ఇచ్చారు అన్న వివరాలన్నీ ఒకే డేటాబేస్‌లో ఉంటాయి. నేను చేరకముందు సర్వర్లు రెండే. జనగామది పెద్ద, కొత్త వివరాలు రాసుకునేది అదే. అది పడిపోతే మహబూబాబాద్‌ది పని అందుకోవాలి. ఒకసారి గాలివానకు మధ్యలో నెట్ లైను తెగింది. రెండు సర్వర్లూ బాగానే ఉన్నాయి. కానీ అవతలిది కనబడక, జనగామది చచ్చిపోయిందనుకుని మహబూబాబాద్‌ది తానే పెద్దనని లేచింది. జనగామదీ పెద్దరికం వదల్లేదు. ఎవరి లెక్క వాళ్లదే అయింది. జనగామలో వాడేసిన రక్తం మహబూబాబాద్ తెర మీద ఇంకా ఉన్నట్టే కనబడింది. అక్కడ కాన్పుకొచ్చిన ఒకామెకు దాన్ని రాశారు. తేవడానికి బండి వస్తే ఇక్కడ లేదు. వేరేచోట వెతికి తెచ్చేసరికి ఆలస్యమైంది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

మూడో సర్వర్ కావాలని అక్క అంతకుముందే అడిగి ఉంది. "ఇద్దరే ఉంటే ఎవరున్నరో ఎవరు పోయిన్రో చెప్పేటోళ్లుండరు. నడుమ సాక్షి ఉండాలె" అనేదట. ఆ తల్లి పోయాక గాని యాజమాన్యం ఒప్పుకోలేదు. అక్కే భూపాలపల్లి పోయి దాన్ని అమర్చింది. ఇప్పుడు రెండు సర్వర్లు ఒక మాట మీదుంటేనే ఒకటి పెద్ద అవుతుంది. ఒంటరిగా మిగిలినది రాయడం ఆపేస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే అక్క మొహం తిప్పుకునేది. "ముందుగాల్నే ఇంకా గట్టిగ కొట్లాడాల్సి ఉండె" అనేది.

నేను చేరిన కొత్తలో హెచ్చరికలతో ఫోన్లు ఊరికే మోగేవి. వాటిలో చాలావాటిని తీసేయించింది. "ఉత్తగనే మొత్తుకుంటే ఎవరింటరు?" అంది. మనిషి కదిలి చేయాల్సిన పని ఉంటేనే ఫోన్ మోగాలి. తెర మీద అంతా బాగుందని చూపే ఆకుపచ్చ గుర్తును మాత్రం ఏనాడూ నమ్మలేదు. "బతికున్నవా అని అడుగుడు కాదు, పని చేస్తున్నవా అని అడగాలె." అందుకే ఒక చోట ఉత్తుత్తి నమోదు ఒకటి రాసి, అది మిగతా రెండు చోట్లకు చేరిందో లేదో ఆగకుండా చూసుకునే ఏర్పాటు పెట్టింది. చేరడం ఆలస్యమైతే చాలు, మాకు తెలిసిపోయేది.

అన్నీ అమరాక, పట్టపగలే జనగామ సర్వర్‌ను ఆపి చూద్దామంది. మేనేజర్ సార్ హడలిపోయాడు.

"నడుస్తున్నదాన్ని ఎందుకమ్మా గెలుకుడు?"

"అందరం ఉన్నప్పుడు పడితే లేపుకుంటం సార్. ఎవ్వరం లేనప్పుడు పడితే ఎట్ల?"

మూడు చోట్లా కాగితాల మీద రాసుకునే ఏర్పాటు చేయించి, వైరు గుంజేసింది. తెర మీద జనగామ ఎర్రబడింది. కాసేపటికి మహబూబాబాద్ పని అందుకుంది. అక్క వెంటనే అక్కడి నర్సుకు ఫోన్ చేసింది.

"చెల్లె, ఏమన్నా ఆగిందా జర చూడు."

"ఏం ఆగలే అక్కా. ఎందుకు, ఏమైంది?"

"ఏం కాలే. నీ పని చేసుకో."

మేం చప్పట్లు కొట్టబోయాం. అక్క కళ్లు తుడుచుకుంటోంది. ఎవరు గుర్తొచ్చారో మాకు తెలుసు.

సర్వర్ గది ఏసీ చలికి అక్క ఎప్పుడూ తలకు ఉన్ని స్కార్ఫ్ చుట్టుకునేది. మందులకు జుట్టు రాలిపోయినా అందుకే మేమెవరం గుర్తుపట్టలేదు. క్యాన్సరని మాకు తెలిసేసరికి చేయి దాటిపోయింది. చివరిసారి హైదరాబాద్ దవాఖానలో చూసినప్పుడు, "ఇంత దాచిపెడితివేందక్కా" అన్నాను.

"చెప్తే ఏం చేస్తుంటిరి, పరేషాన్ అవుడు తప్ప" అంది.

మేం తండాకు చేరేసరికే అన్నీ అయిపోయాయి. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"నా బిడ్డ మీ తాన ఏం పని చేసేది కొడుకా? అడిగితే కంప్యూటర్ పని అనేది, గంతే."

"అవ్వా, మూడూళ్లల్ల సర్వర్లని ఉంటయ్. ఏ దవాఖానల ఎవరికి రక్తం ఉన్నదో అవి యాది పెట్టుకుంటయ్. ఒకటి పడితే ఇంకోటి అందుకోవాలె, లేకుంటే మనుషులు పోతరు. అట్ల పోకుండ అక్క చూసుకునేది" అన్నాను.

ఆమె తన పక్కనున్న ఆడవాళ్లకు లంబాడీలో ఏదో చెప్పింది. వాళ్లు ఒకరి భుజాన ఒకరు తల ఆనించి, ఆగిన శోకాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. పోయినవాళ్లు చేసిన మంచినంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు వాళ్లు. ఆ భాష నాకు రాదు. ఒక్క మాట మాత్రం తెలుస్తోంది. దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ తల్లి గొంతు వణికి, సాగి, "సరువరు... సరువరు..." అంటూ వాకిలి దాటి పోతోంది.