చర్చి క్రీము, చేను చొక్కా

మా అక్క ముక్కు మీద మచ్చ మూడు నెలలైనా మానడం లేదు. ఫోన్లో అడిగితే "దాని పాటికి అదే పోతాదిలే" అంటుంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. ఎలాగైనా మార్కాపురంలో చర్మం డాక్టరుకు చూపించాలని, జనవరిలో ఒక గురువారం పొద్దున ఆరింటికి గుంటూరులో రైలెక్కాను.

నాకూ బుగ్గల మీద మంగు ఉంది. ఎండాకాలమే కాదు, వానలోనూ చలిలోనూ సన్‌స్క్రీన్ క్రీము రాయాల్సిందేనని మా డాక్టరు చెప్పినప్పటి నుంచి ఊరందరికీ నేనే డాక్టర్నైపోయాను. మచ్చ సంగతి తెలిసిన వారానికే అక్కకు ఒక ట్యూబు పంపాను.

వినుకొండ దాటాక ఎండ సరిగ్గా నా కిటికీలోకే దిగింది. షట్టరు లాగితే రాలేదు. గొడుగు విప్పాను. ఎదురు సీటు పెద్దాయన పైకప్పు కేసి చూసి, "ఏందమ్మా, రైలు కారుతాందా?" అన్నాడు. బోగీ అంతా ఒకటే నవ్వు. "నవ్వండి, మంగు వచ్చేది నాకు గదా!" అన్నాను. దొనకొండలో టీ కూడా గొడుగు కిందే తాగాను.

పదకొండింటికి గిద్దలూరులో దిగి, ఇడ్లీ తిని, అక్క ఊరికి షేర్ ఆటోలో అరగంట. అక్క మిరపకోతలో ఉందన్నారు. చేలో పదిమంది ఆడవాళ్లు. అందరూ చీరల మీద మొగుళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టి, నోటికి గుడ్డ కట్టుకున్నారు. కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడవు. దగ్గరున్నామెను "అమ్మా, ఎస్తేరమ్మ ఏది?" అని అడిగాను.

"నీ కండ్లకేమొచ్చిందే, సుగుణా!" అంది మా అక్క.

గట్టు మీద నిలబడి రెండు గంటలు పోట్లాడాను. విప్పిన గొడుగుతో చేతులు తిప్పడం కుదరక దాన్ని మూసేశాను. "ముక్కు పోతే ఏం చేస్తావే?" అంటే, "రేపు కూలి ఎవరిస్తారు, నీ డాక్టరిస్తాడా?" అంటుంది. చివరికి పక్క సాలులో ఉన్నామె, "పోయిరా వదినా, నీ చెల్లెలి అరుపులకు పచ్చికాయ కూడా రాల్తాంది" అంది. అక్క ఒప్పుకుంది.

శుక్రవారం ఎనిమిది గంటల బస్సుకు మార్కాపురం బయల్దేరాం. అక్క చర్చి చీర కట్టి, పౌడరేసుకుంది. తిరిగొచ్చి నేరుగా చేనికి పోతానని చొక్కా సంచిలో కుక్కింది. "టౌన్లో చొక్కా ఏంది, సిగ్గు!" అని నెత్తి మీద కొంగైనా లేకుండా బస్టాండు నుంచి ఆస్పత్రి దాకా నడిచింది.

డాక్టరు భూతద్దం పెట్టి మచ్చను చాలాసేపు చూశారు.

"భయం లేదు. ఎండకు దెబ్బతింది. మందుతో మానుతుంది, కానీ ఎండ తగిలితే మళ్లీ మొదటికొస్తుంది. క్రీము రాస్తున్నారా?"

"రాయకేం సార్! ప్రతి ఆదివారం చర్చికి పోయేటప్పుడు. మొన్న పెండ్లిక్కూడా."

"పొలానికి వెళ్లేటప్పుడు?"

"పొలంలో ఎవురు చూస్తారు సార్? ఖరీదైంది గదా, పాడుజేయకూడదని దాచినా."

నేను నెత్తి కొట్టుకున్నాను. డాక్టరు నా వైపు తిరిగి, "మీ మెడ వెనక అంత కమిలిందేమిటి?" అన్నారు. ముఖానికి మూడు పూటలా రాసిన నేను మెడనూ చేతులనూ మర్చేపోయాను. అక్క చేతి పక్కన నా చెయ్యి పెట్టి చూస్తే, ఏడాదంతా చేలో ఉండే దాని చెయ్యే నున్నగా ఉంది. చచ్చేంత సిగ్గేసింది.

"ఆమెకు మీ క్రీము, మీకు ఆమె చొక్కా. ఇద్దరికీ రెండూ కావాలి" అన్నారు డాక్టరు.

మూడింటికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో అక్కే నాకు చొక్కా తొడిగి గుండీలు పెట్టింది. కొత్త ట్యూబు దాని చేతిలో పెట్టి, రోజూ చేనికి పోయేటప్పుడు రాస్తానని ఒట్టు వేయించుకున్నాను. దాని ముక్కుకేం కాదన్న సంతోషానికి ఏడుపొచ్చింది. గొడుగు చాటున ఏడ్చాను.

దొనకొండలో ఎక్కినామె నన్ను ఎగాదిగా చూసి, "ఏ ఊరి కోతకక్కా? మాకిద్దరు తక్కువుండారు, వస్తావా?" అంది. నిన్నటి నేనైతే ఎగిరిపడేదాన్ని. "కూలెంత?" అని అడిగాను.

ఈ వైపు వెళ్లేవాళ్లకు నా సలహా: ఏ నెలైనా సరే, ఫుల్‌హ్యాండ్ చొక్కా తీసుకెళ్లండి. గొడుగు పట్టుకుని పోట్లాడలేరు.

టికెట్ కోసం చొక్కా జేబులో చెయ్యి పెడితే, సగానికి పైగా మిగిలిన పాత ట్యూబు తగిలింది. వెంటనే ఫోన్ చేశాను.

"కొత్తది చేనికే పెట్టినాలే, ఒట్టేసినా గదా" అంది అక్క. "పాతది నువ్వుంచుకో. టౌన్లో ఉండేదానివి, పెండ్లిళ్లకు పోవాల్సొస్తాది."