దిండులో కాలరు

చేతిలో కత్తెర లేకపోతే మా పెద్దమ్మకు బుర్ర పనిచేయదు. వేళాకోళానికి అనడం లేదు. ఇంట్లో ఏ తగవు తెచ్చి ముందు పెట్టినా, "ఉండండే, ముందు గుడ్డ పరవనీ" అనేది. సగం చొక్కా కత్తిరించేసరికి తీర్పు తయారయ్యేది. "గుడ్డ ఎటు సాగుతుందో చూడకుండా కత్తెర పెడితే నాశనమే, మనుషులతోనూ అంతే" అనేది. తను కత్తిరించిన చొక్కా వేసుకుని ఎవరైనా పోతుంటే వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేది. ఆమెది పుర్రచేతి వాటం. ఆమె తీసే మెడ వంపు ఇంకెవరికీ రాదు. ఆమె కత్తిరిస్తే చెల్లెలు, అంటే మా అమ్మ, కుట్టేది. వాళ్ల కుట్టు కొట్టు అలాగే నడిచింది.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కొట్టు వెనక గదిలో నడుం వాల్చింది. దిండు పిగిలి గుడ్డముక్కలు బయటికొచ్చాయి. అందులో ఒక కాలరు. వేళ్లతో తడిమి చూసుకుంది. తన కోతే. ఇంకాస్త లాగితే చేతుల ముక్కలు, వీపు ముక్క కూడా వచ్చాయి. ఒక్కదాని మీదా కుట్టు పడలేదు.

వాటిని తెచ్చి అమ్మ ముందు, మిషను మీద పెట్టింది. అమ్మకు తప్పించుకునే దారి లేకపోయింది.

"నీ వేళ్లు పట్టు తప్పుతున్నాయక్కా. చొక్కాలు వెనక్కొచ్చాయి. కటింగు బయట చేయిస్తున్నా."

"మరి నాకిచ్చే గుడ్డలు?"

"మిగిలిపోయినవి. చేతిలో పని లేకపోతే నువ్వు ఉండలేవని..."

పక్కనే గుండీలు కుడుతున్న నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. కోపం నషాళానికంటింది. జాలిపడి చేసిందట. నమ్మించి గొంతు కోయడం అంటే ఇది కాక ఇంకేమిటి? చంటిపిల్లకు గిలక్కాయ ఇచ్చినట్టు ఆ చేతులకు ఉత్తుత్తి పని ఇచ్చింది. కన్నతల్లయినా సరే, ఈ విషయంలో నేను వెనకేసుకురాను.

పెద్దమ్మ అరవలేదు.

"అక్కా, ఇక చాలించు అని ఒక్క మాట అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని కదే. ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి."

పెద్దమ్మ మిషను మీది కాలరు చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఒక భుజం కిందికుంటుందన్నావే, ఆ పిల్ల చొక్కా? ఆ వంకర కనబడకుండా ఎలా కోయాలా అని నాకు నిద్రే పట్టలేదు. బాగా కుదిరింది, పిల్ల అద్దం ముందు నుంచి కదల్లేదన్నావు. అదొక్కటన్నా కుట్టావా?"

అమ్మ తల వంచుకుంది.

"అలాంటి పిల్ల ఎవరూ లేరక్కా."