చక్కెర తోడు లేని ఉప్పు

పీయూసీ, అంటే ఇంటర్ చదివే పిల్లలకు కణపొర పాఠం చెప్పడం నాకు ఇరవై ఏళ్లుగా అలవాటు. బోర్డు మీద రెండు వరుసల్లో కొవ్వు అణువుల తలలుగా సున్నాలు గీసి, ఒక్కో సున్నాకు రెండేసి తోకలు పెడతాను. తలలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు గిట్టదు, అందుకే తోకలన్నీ లోపలికి దాక్కుంటాయని చెబుతాను. బంతి భోజనంలో రెండు వరుసలవాళ్లు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టు అనుకోండి అంటాను. ఆ కొవ్వు వరుసల్లోంచి ఉప్పు దూరలేదు. దానికి ప్రోటీన్ తలుపులు కావాలి. పేగుల్లోని కణాలకు అలాంటి తలుపు ఒకటుంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ జంటగా వస్తేనే అది లోపలికి తీసుకుంటుంది. ఆ రెండూ వెళితే వాటి వెనకే నీళ్లు వెళతాయి. ఈ ముక్క పరీక్షలో తప్పకుండా వస్తుందని పిల్లలచేత రెండుసార్లు రాయిస్తాను.

ఇంత తెలిసినదాన్ని, మా అక్కను నా చేతులారా పోగొట్టుకున్నాను.

రాయచూరు బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. నాన్న షుగరుతో కాలు పోగొట్టుకుని, ఏడాది తిరక్కుండానే పోయాడు. అక్క ఏడో తరగతితో చదువు మానేసి దుకాణంలో కూర్చుంది కాబట్టే నేను చదువుకోగలిగాను. ఇద్దరికీ పెళ్లిళ్లు కుదరలేదు, ఒకరికొకరం మిగిలాం. అక్కకూ షుగరు ఉందని తేలిన రోజు చక్కెర డబ్బా కడిగి బోర్లించింది నేనే. అప్పటినుంచి మా ఇంట్లో చక్కెర లేదు, బెల్లం లేదు. చుట్టాలు టీలోకి చక్కెర పొట్లం కట్టుకుని వచ్చేవాళ్లు. నీ చెల్లె పోలీసమ్మ అని అక్కను ఆటపట్టించేవాళ్లు. అక్క మురిసిపోయేది, నేనూ మురిసిపోయేదాన్ని.

ఆ ఎండాకాలం అక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నేను పక్క ఊరు మాన్విలోని కాలేజీలో సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"పక్కింటామె ఓఆర్ఎస్ పాకెట్ ఇచ్చింది చెల్లే. దాని మీద గ్లూకోజ్ అని రాసుంది. తాగాల్నా, వద్దా?"

"వద్దక్కా, షుగర్ పెరుగుతది. ఉప్పు, నిమ్మకాయ ఏసుకొని నీళ్లు తాగు. సాయంత్రానికి వస్త."

ఆలోచించనే లేదు. గ్లూకోజ్ అన్న మాట చెవిన పడగానే నాలోని పోలీసమ్మ లేచింది, పంతులమ్మ లేవలేదు. జవాబు పత్రాలు కట్టలు కట్టి అప్పజెప్పి బస్సెక్కాను. నేను ఇల్లు చేరేసరికి అక్క కళ్లు గుంటలు పడ్డాయి. చెంబులకు చెంబులు తాగిందట, తాగినదంతా పోయిందట. చేతి మీద చర్మం పట్టి లాగితే ముడత అలాగే నిలిచిపోయింది. ఆ ముడత చూశాకే నా పాఠం నాకు గుర్తొచ్చింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోతుంటే, నా ఒళ్లో తల పెట్టుకుని అక్క మెల్లగా అంది.

"నువ్వు చెప్పినట్టే చేసిన. పాకెట్ ముట్టలే."

కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఆలస్యమైందని డాక్టరు చెప్పాడు. మూడో రోజు అక్క పోయింది. వయసు మీద పడింది, షుగరుంది, ఎండలు మండిపోతున్నాయి, ఆ పాకెట్ తాగినా దక్కేది కాదేమో అని నాకు నేనే చెప్పుకుని చూశాను. మనసు ఒప్పుకోలేదు.

పెద్దకర్మకు వచ్చిన చుట్టాలు అలవాటుగా చక్కెర పొట్లాలు తెచ్చుకున్నారు. మీ అక్క నీ మాట ఏనాడూ జవదాటలేదని కళ్లొత్తుకున్నారు. వాళ్ల ముందు చప్పటి టీ పెట్టి వచ్చాను. జరిగింది ఎవరికీ చెప్పలేదు. చెబితే అర్థం కావడానికి మొదట ఆ తలుపు సంగతి చెప్పాలి, ఆ ఇంట్లో కూర్చుని అది చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాలేజీలో మాత్రం చెప్పక తప్పదు. మొన్న మళ్లీ ఆ పేజీ వచ్చింది. పిల్లలచేత రెండుసార్లు రాయించాను.