వినడం నేర్పిన రోజు

ఆ రోజుల్లో మా సంస్థలో శిక్షణ అంటే పెళ్లి పిలుపు లాంటిది. ఎందుకు, ఏమిటి అని అడగకుండా చక్కగా తయారై వెళ్లి కూర్చోవాలి. కాకినాడ నుంచి వచ్చి, ఢిల్లీ జనక్‌పురిలో ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు సాయం చేసే చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను నేను. ఏడాది తిరక్కముందే బెలూన్లు ఊది నాయకత్వం నేర్చుకున్నాను, కళ్లకు గంతలు కట్టుకుని నమ్మకం నేర్చుకున్నాను. (కేసు కోర్టుకెక్కితే ఏ కాగితం ఎక్కడివ్వాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. దానికి నిధులు లేవట.)

ఆ వారం పాఠం 'మనసుపెట్టి వినడం', సాకేత్‌లో పెద్ద హోటల్లో. సరిగ్గా ఆ రోజే ద్వారక నుంచి ఒకమ్మాయి పాపతో సహా ఇల్లు వదిలి మా దగ్గరికి వచ్చేస్తానంది. వరంగల్ పిల్ల. భర్త సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగి, చెయ్యి చేసుకోవడంలోనూ సీనియరే. నెలల తరబడి నాతో తెలుగులో మాట్లాడి మాట్లాడి ధైర్యం తెచ్చుకుంది. "ఇగ ఏడ్సుడు అయిపోయిందక్కా. ఆయన ఆఫీసుకు పోంగనే బిడ్డను తీస్కొని వస్త. నువ్వుంటవు గదా?" అంది. ఉంటానన్నాను. మా డైరెక్టరు (ఢిల్లీలో తెలుగువాళ్లందరికీ ఆంటీ) ఒప్పుకోలేదు. "నువ్వు రాకపోతే ఎలాగమ్మా? మనుషులు తగ్గితే నిధులిచ్చేవాళ్లు ఊరుకుంటారా? ఆఫీసులో క్లర్కు దీదీని ఉంచుతాలే, ఠీక్ హై?" అన్నారు. ఆ మాటే అమ్మాయికి ఫోన్లో చెప్పి, సాయంత్రానికల్లా వచ్చేస్తానన్నాను.

హోటల్లో ముందు మా ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించుకున్నారు, వినడానికి అడ్డమని. తర్వాత సూటేసుకున్న శిక్షకుడు నన్ను బాధితురాలిగా నటించమన్నాడు. నేను ఆ వరంగల్ పిల్ల మాటల్నే హిందీలో చెప్పాను, ఏడుపు అయిపోయింది, వస్తున్నాను, మీరుంటారు కదా, అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నో, నో. అసలైన బాధితులు ఇలా మాట్లాడరు. ఎమోషన్ కావాలి!" సరే, నాదేం పోయిందని చున్నీ నోట్లో కుక్కుకుని భోరుమన్నాను. హాలంతా చప్పట్లు. వెనక వరసలో అందరికంటే గట్టిగా కొడుతున్నది మా క్లర్కు దీదీ. గ్రూప్ ఫోటోలో మనుషులు చాలరని పొద్దున్నే ఆంటీ ఆవిడనీ పిలిపించారట. ఆఫీసుకు తాళం వేసి వచ్చింది.

బుట్టలోంచి ఫోన్ లాక్కుని మెట్రో ఎక్కాను. స్క్రీన్ నిండా ఆ పిల్ల కాల్సే. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆఫీసు కింద ఇస్త్రీ చేసే భయ్యా "బచ్చీ కో లేకే బడీ దేర్ బైఠీ రహీ దీదీ, ఫిర్ చలీ గయీ" అన్నాడు. పాపను ఒళ్లో పెట్టుకుని మా మెట్లమీద చాలాసేపు కూర్చుని, వెనక్కి వెళ్లిపోయిందన్నమాట. మళ్లీ చేస్తే ఈసారి ఎత్తింది. "ఏం గాలేదక్కా. ఆయన వచ్చేలోపల వంట చేసిన" అంది. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "నీ ట్రైనింగ్ మంచిగైందా?" అని కూడా అడిగింది. ఆ తర్వాత ఆ నంబరు పనిచేయలేదు. ఉత్తమ నటనకు నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఆంటీ దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించారు. నాకైతే ఒళ్లు మండిపోయేది, ఇప్పటికీ మండుతుంది.

ఇప్పుడు నోయిడా, గురుగ్రామ్ తిరిగి నేనే శిక్షణలిస్తున్నాను. వెళ్లగానే "ఈ రోజు మీ ఆఫీసు తలుపు తీయడానికి ఎవరున్నారు?" అని అడుగుతాను. "కోయీ నహీ మేడమ్, హమ్ సబ్ ఆ గయే!" అంటారు, ఎవరూ లేరు, అందరం వచ్చేశామని, ఎంతో ఉత్సాహంగా. వాళ్లలో ఒకరిని వెనక్కి పంపేదాకా మైకు పట్టుకోను. వెళ్లమన్న పిల్ల మొహం మాడ్చుకుని, సర్టిఫికెట్ పోయిందని నన్ను తిట్టుకుంటూ బ్యాగు తగిలించుకుంటుంది. దాన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆ రోజు నన్ను కూడా ఎవరైనా ఇలా గెంటేసి ఉంటే ఎంత బాగుండేదో!